మోకాలికీ బోడిగుండుకీ

మంగళవారం నాడు కోడలు నోరు జారింది. బుధవారం నుంచి మామగారు నడవడం మానేశారు.

ఆమె అన్నది పెద్ద మాటేమీ కాదు. "మీ ముక్క పారలేదు మామయ్యా, చెడిపోయింది," అంది, అంతే. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు గదా. ఇక్కడ గొడవంతా నరం గురించే వచ్చింది.

ముందు ఆ ముక్క సంగతి చెప్పాలి. నాలుగు నెలల కిందట మామగారికి గుండెకి బైపాస్ ఆపరేషన్ అయింది. గుండె కండకి రక్తం తెచ్చే దారులు మూడు పూడుకుపోతే, ఎడమ కాలిలోంచి పొడవాటి నరం ఒకటి తీసి, ముక్కలుగా కోసి, పూడిక దాటేలా కొత్త దారులు కుట్టారు. కుట్టగా వేలెడు ముక్క మిగిలింది. అలా మిగిలినవి మామూలుగా పారేస్తారు. సరేనని సంతకం పెట్టినవాళ్ళవి మాత్రం ఆసుపత్రి వెనక భవనం రెండో అంతస్తులో ఉన్న పరిశోధన లాబుకి వెళతాయి. ఆ లాబులో టెక్నీషియన్ ఈ కోడలే. మామగారు సంతకం పెడుతూ, "పోయాక కళ్ళు ఇచ్చేవాళ్ళున్నారు. నేను బతికుండగానే కాలు ఇస్తున్నాను, అదీ సొంత కోడలికి," అని వార్డు వార్డంతా చెప్పుకున్నారు. పక్క మంచం ఆయన నిజంగానే కాలు తీసేశారేమోనని దుప్పటి ఎత్తి చూశాడు.

లాబులో వెతికేది ఒక్కటే. కాలి నరం కాలిలో ఉన్నంతకాలం దానిలో రక్తం నింపాదిగా నడుస్తుంది. అదే నరాన్ని తీసి గుండె మీద కుడితే నిమిషానికి డెబ్బై దెబ్బలు. కొన్ని నరాలు ఆ దెబ్బలు కాచుకుని ఏళ్ళకేళ్ళు నిక్షేపంగా ఉంటాయి. కొన్ని లోపలి గోడ మందమై త్వరగా మూసుకుపోతాయి. ఏది ఎందుకు నిలబడుతుందో పూర్తిగా అంతుపట్టలేదు. అందుకని లాబులో ఒక యంత్రం పెట్టారు. మిగిలిన ముక్కని రెండు గాజు గొట్టాల మధ్య కడితే, ఎర్రటి పోషకద్రవాన్ని అది గుండెలాగే కొట్టి కొట్టి ముక్కలోంచి పంపుతుంది, రెండు వారాల పాటు, విరామం లేకుండా. ఎంత చేసినా తృప్తి లేనిది గనక కోడలు దానికి 'అత్తగారు' అని పేరు పెట్టింది. ఇంట్లో అసలు అత్తగారు పోయి ఆరేళ్ళయింది. ఆవిడ మంచిదే, ఈ పేరు వింటే నవ్వేది.

అత్తగారికి ముక్కని కట్టేటప్పుడు ఒక్కటే నియమం, ఎటు నుంచి ఎటు అన్నది. కాలి నరం లోపల అక్కడక్కడ చిన్న వాల్వులుంటాయి, ఒక వైపే తెరుచుకునే తలుపులు. చీలమండ నుంచి తొడ వైపుకి రక్తాన్ని పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. కాబట్టి ద్రవం చీలమండ కొసలో దూరి తొడ కొసలోంచి బయటికి రావాలి. అయితే సీసాలో తేలే వేలెడు ముక్కని చూసి ఏ కొస ఏదో పుట్టించిన బ్రహ్మ కూడా చెప్పలేడు. "ఏ కొస పైదో ఆపరేషన్ థియేటర్ వాళ్ళు చీటీ కట్టి పంపుతారమ్మా," అని లాబు నడిపే ప్రొఫెసరు గారు మొదటి రోజే చెప్పారు. చెప్పినట్టే ప్రతి ముక్కకీ ఒక కొసన సన్నని దారంతో గోరంత ప్లాస్టిక్ చీటీ వేలాడుతూ వచ్చేది. దాని మీద గుండ్రని చేతిరాతలో రెండే అక్షరాలు. సిర.

కోడలు చదువంతా ఇంగ్లీషులో సాగింది. లాబులో అందరూ వెయిన్ అంటారు, ఇంట్లో నరం అంటారు. ఈ 'సిర' ఏమిటో ఆమెకి బోధపడలేదు. మొదటి రోజు 'సిరా' అని రాయబోయి దీర్ఘం మర్చిపోయారేమో అనుకుంది. కానీ నరానికీ సిరాకీ ఏం సంబంధం? తర్వాత హఠాత్తుగా వెలిగింది. శిరస్సు, శిరోభారం, శిర. అంటే తల వైపు కొస, పై కొస. థియేటర్ సిస్టరుకి పాపం 'శ' రాయడం రాదు, అంతే. ఎదుటివాళ్ళ తప్పు ఎత్తిచూపడం కోడలి స్వభావం కాదు. చీటీ ఉన్న కొసని ద్రవం బయటికొచ్చే గొట్టానికి కట్టేది. తన రిజిస్టర్లో మాత్రం దిద్ది, 'శిర' అని రాసుకునేది. అలా రెండేళ్ళలో అరవై రెండుసార్లు దిద్దింది.

అరవై రెండు ముక్కల్లో పంతొమ్మిది పారలేదు. అత్తగారు కొడుతుంది, ముక్క ఉబ్బుతుంది, అవతలికి చుక్క రాదు. కోడలు రిజిస్టర్లో 'చెడ్డది' అని రాసి, పారేయబుద్ధి పుట్టక ఆ ముక్కని మైనంలో పొదిగి పెట్టేది. ప్రొఫెసరు గారు ఆ పంతొమ్మిదింటి వెనక పడ్డారు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళవా అని చూశారు, కాదు. పొగ తాగేవాళ్ళవా, కాదు. ముసలివాళ్ళవా, అదీ కాదు. ఆ లెక్కకి తలా తోకా లేదు.

అందులో నలభై ఏడో ముక్క మామగారిది. సీసాల మీద నంబర్లే తప్ప పేర్లుండవు గానీ, ఆ రోజు జరిగిన ఆపరేషన్ ఆయనదొక్కటే. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన దగ్గర్నుంచి ఆయన రోజూ అడిగేవారు. "నా ముక్క ఎలా ఉందమ్మాయ్?" "ఇంకా చూడలేదు మామయ్యా." "ఇవాళైనా చూశారా?" "వరసలో ఉంది మామయ్యా." నాలుగు నెలలు ఎలాగో నెట్టుకొచ్చింది. మంగళవారం నాడు పని తెమలక, బస్సు దొరక్క, విసుగ్గా ఇల్లు చేరి, ఆయన అడగ్గానే ఉన్న మాట అనేసింది.

మామగారు పోస్టుమాన్‌గా ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యారు. ఆపరేషన్ అయ్యాక డాక్టరు పూటకి అరగంట నడవమంటే గంట నడిచిన మనిషి. అలాంటిది బుధవారం పొద్దున కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నారు, మళ్ళీ లేవలేదు. స్నానానికీ భోజనానికీ తప్ప కాలు కదపలేదు. కొడుకు నచ్చచెప్పబోతే, "నీకు తెలియదు, ఊరుకో," అన్నారు. కొడుక్కి నిజంగానే తెలియదు గనక ఊరుకున్నాడు.

గురువారం సాయంత్రం కోడలు కుర్చీ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"నడవకపోతే ఎలా మామయ్యా? కాళ్ళు పట్టేస్తాయి. నడిస్తే రక్తం బాగా ఆడుతుంది."

"ఎందులో ఆడుతుంది? ఆ చెడిపోయినదాంట్లోనా?"

"మిగిలిన ముక్క వేరు, కుట్టిన ముక్కలు వేరు."

"ఒకే తానులో గుడ్డ గదమ్మా. మిగులు ముక్క చిరుగుపట్టిందంటే చొక్కా బాగుంటుందా?"

బాగుంటుందని చెప్పడానికి కోడలికి నోరు రాలేదు, ఎందుకంటే ఆ భయం ఆమెకీ ఉంది. నాలుగు నెలలుగా ఆయన మెట్లు ఎక్కుతుంటే వెనక నిలబడి ఊపిరి లెక్కపెడుతూనే ఉంది. ఇన్నాళ్ళూ భయం ఆమె ఒక్కదానిది, ఇప్పుడు ఇద్దరిదీ అయింది. అనకపోతే బాగుండునని వందసార్లు అనుకుంది. అనేసిన మాటని వెనక్కి తీసుకోవడం ఎవరి తరం?

శుక్రవారం పదకొండు గంటలకి థియేటర్ నుంచి అరవై మూడో సీసా వచ్చింది. కోడలు మూత తీసి, పట్టకారుతో ముక్కని వెలుతురుకి పట్టుకుంది. చీటీ మీద 'సిర' అని లేదు. 'ధమని' అని ఉంది.

ఆమె ముక్కని ఇటు తిప్పింది, అటు తిప్పింది. ధమని అంటే ఎర్ర రక్తం పోయే గొట్టమని చిన్నప్పటి బొమ్మల పుస్తకంలో లీలగా గుర్తు. అయితే ఇది ధమనికి కుట్టాల్సిన కొస అని అర్థమా? అప్పుడు శిర కొస అవతలిదా? లేక రెండూ ఒకటేనా? ఒకటే అయితే ఇన్నాళ్ళూ శిర అని రాసి ఇవాళ ధమని అని ఎందుకు రాసినట్టు? చూస్తే ముక్క కూడా ఎప్పటిలా లేదు, గోడ బిరుసుగా ఉంది. అత్తగారు ఖాళీ గొట్టాలతో టకటకా కొట్టుకుంటోంది. కోడలికి తల తిరిగింది. ఏ తలో మాత్రం తేలలేదు. ముక్కని మళ్ళీ సీసాలో వేసి, అది పట్టుకుని థియేటర్‌కి బయల్దేరింది.

థియేటర్ సిస్టర్ని అందరూ వెనకాల 'పంతులమ్మ' అంటారు. వాళ్ళ నాన్న తెలుగు మాస్టారు. సీసాల మీదా చీటీల మీదా ఇంగ్లీషు పొడి అక్షరాలు రాస్తే ఎవడో ఒకడు తికమకపడి చస్తాడని, అన్నీ తెలుగులో పూర్తిగా రాయడం ఆవిడ నియమం. కోడలు వెళ్ళేసరికి ఆవిడ కత్తెరలు లెక్కపెట్టి డబ్బాలో సర్దుతోంది.

"సిస్టర్, దీనికి తల ఏది?"

"తలేమిటి?"

"రోజూ తల వైపు చీటీ కడతారు గదా. ఇవాళ ధమని అని కట్టారు. ఇది తలా, కాదా?"

"అది ఛాతీలోంచి తీసిన ముక్క. ఇవాళ కొంచెం మిగిలింది, పనికొస్తుందేమోనని పంపాను. ఆర్టరీ గనక ధమని అని రాశాను. కాలిదైతే సిర అని రాస్తాను గదా."

"అదే, సిర అంటే..."

"సిర అంటే వెయిన్."

"వెయినా?"

"మరి నువ్వేమనుకున్నావు?"

"తల."

"ఎవరి తల?"

కోడలు కత్తెరల వైపు చూసింది. "మీరు శిర అని రాయబోయి సిర అని రాశారనుకున్నాను. మీకు శ రాదేమో, చెబితే నొచ్చుకుంటారేమోనని..."

"నాకు శ రాదా," అంది పంతులమ్మ. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ వినిపించింది. "మా నాన్న బతికుంటే ఈ మాటకి పోయేవాడు. కాలి నరానికి తలేమిటి తల్లీ? మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టావు."

"మరి చీటీ ఏ కొసకి కడతారు?"

"ఏ కొస చేతికి దొరికితే ఆ కొసకి. ముక్కకి చీటీ కట్టి, ఏమిటో రాసి పంపమని మీ ప్రొఫెసరు ఫోన్లో చెప్పారు. కట్టాను, రాశాను. ఏ కొసకో ఎవరు చెప్పారు నాకు?"

కోడలు లెక్క చూసుకుంది. అరవై రెండు ముక్కలు. ఏది చీలమండో, ఏది తొడో, చేతికి దొరికిన కొస. రెండేళ్ళుగా తను బొమ్మాబొరుసూ ఆడుతూ దాన్ని పరిశోధన అనుకుంది. తలుపు దాకా వెళ్ళినదల్లా వెనక్కి తిరిగింది.

"సిస్టర్, మరి ఆపరేషన్లో? అక్కడ కూడా చేతికి దొరికిన కొసేనా?"

పంతులమ్మ ఈసారి నెమ్మదిగా చెప్పింది. "కాదమ్మా. నరం కాలిలో ఉండగానే చీలమండ కొస ఏదో డాక్టరు చూసుకుంటారు. ఆ కొసకే సూది గుచ్చి, నీళ్ళు నింపి, పారుతోందో లేదో చూశాకే కుడతారు. తప్పుగా పెడితే అక్కడే ఆగిపోతుంది, ఛాతీ మూయకముందే తెలిసిపోతుంది. నా చీటీ మిగులు ముక్కకే."

ప్రొఫెసరు గారు మంచివారే గానీ వచ్చే నెల పెద్ద సభలో ఈ ఫలితాలు చదవాల్సి ఉంది. కోడలు చెప్పేది నిలబడే విన్నారు. ఒకసారి కాదు, రెండోసారి మళ్ళీ మొదట్నుంచి చెప్పించుకున్నారు. సిర, శిర అని తనలో తాను అనుకుని చూసుకున్నారు. తర్వాత బయటికెళ్ళి వరండా చివరిదాకా నడిచి వచ్చారు. ఈలోగా కోడలు తన సంచీ సర్దుకోవాలా అక్కర్లేదా అని ఆలోచించింది.

"చెడ్డవని రాసినవి ఉన్నాయా, పారేశారా?" అని అడిగారు.

"మైనంలో ఉన్నాయి సార్."

"నిలువుగా కోయండి, వాల్వు కనిపించేలా. ఏదో ఒకటి తీయండి."

కోడలు ఏదో ఒకటి తీయలేదు. నలభై ఏడు తీసింది. పల్చగా నిలువుకోత కోసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టేసరికి మధ్యాహ్నం మూడయింది. ముందు ఆయన చూశారు, తర్వాత ఆమె చూసింది. నరం మధ్యలో ఎదురెదురు గోడల నుంచి రెండు సన్నని రేకులు వచ్చి, ఒకదాన్నొకటి ఆనుకుని గట్టిగా మూసుకుని ఉన్నాయి. ద్రవం వెనక వైపు నుంచి వచ్చి కొడితే అవి దాన్ని సంచుల్లా పట్టి ఆపేశాయి. పడవ తెరచాపలా ఉబ్బి ఉన్నాయి. వాటి మీద ఎక్కడా చిరుగు లేదు.

"ఇది చెడలేదమ్మా," అన్నారు ప్రొఫెసరు గారు. "రక్తాన్ని వెనక్కి రానివ్వకూడదు, రానివ్వలేదు. దాని పని అది చేసింది. మనమే తిరగేసి కట్టాం."

"మిగతా పద్దెనిమిది?"

"అవీ ఇంతే అయి ఉంటాయి, కోసి చూద్దాం. నా బాధ వాటి గురించి కాదు. పారిన నలభై మూడింటిలో వాల్వు ఉన్నవి సరైన వైపే కట్టినట్టు, సరే. వాల్వు లేనివి ఎటు నుంచి పంపినా పారతాయి. వాటిని మనం ఎటు కట్టామో ఇక ఎవరు చెబుతారు?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డవనుకున్న వాటి సంగతి తేలింది. మంచివనుకున్న వాటిలోనే సగానికి సగం ఏమిటో తెలియని పరిస్థితి. "వచ్చే నెల చదవను. మళ్ళీ మొదలుపెడదాం. రెండేళ్ళలో నేను ఒక్కసారైనా ఆ థియేటర్ మెట్లెక్కి అడగలేదు. రిజిస్టర్లో చెరిపేయకండి. పాతది కనబడేలా కొట్టేసి పక్కన రాయండి."

కోడలు రిజిస్టర్ తెరిచింది. నలభై ఏడో వరసలో 'శిర' కొట్టేసి 'సిర' అని రాసింది. 'చెడ్డది' కొట్టేసి 'మంచిది' అని రాసింది. రాశాక ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ తన పక్కనే మైనం ముద్దలో ఉన్న జవాబుని చెడ్డదని రాసి, ఆ మాటే తీసుకెళ్ళి ఆయన మొహాన కొట్టింది.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంది. మామగారు కుర్చీలోనే ఉన్నారు. కోడలు పీట కూడా వేసుకోకుండా నేల మీదే కూర్చుని అంతా చెప్పింది. చీటీ, సిర, శిర, రెండు రేకులు. ఆయన అడ్డు రాకుండా విన్నారు.

"అయితే నా గుండెలో ఉన్నది ఎటుంది?" అన్నారు చివరికి.

"సరిగ్గానే ఉంది మామయ్యా. తలకిందులుగా."

"ఏమిటీ?"

"కాలిలో చీలమండ కొస కిందుంటుంది గదా. గుండె దగ్గర రక్తం పైనుంచి కిందికి దిగాలి. అందుకని ఆ కొసని పైకి తిప్పి కుడతారు. తలకిందులుగా కుడితేనే సరి."

"నువ్వు తలకిందులుగా కట్టావు, అది తప్పు."

"అవును."

"డాక్టరు తలకిందులుగా కుట్టాడు, అది ఒప్పు."

"అవును మామయ్యా."

"నువ్వు మధ్యాహ్నం ఏమైనా తిన్నావా అమ్మా?" అన్నారు ఆయన అనుమానంగా.

కోడలు లేచి, తీగ మీద ఆరేసిన ఆయన పంట్లాం తెచ్చి, కాలు కింది అంచు పైకీ నడుం కిందికీ పట్టి మళ్ళీ చెప్పింది. ఆయన పంట్లాం వైపు చూశారు, తన ఛాతీ వైపు చూసుకున్నారు. వేలితో గాలిలో కిందికో గీత, పైకో గీత గీశారు. ఎంత అర్థమైందో చెప్పలేం. లాబులో ఆమె చేసిన పొరపాటు మాత్రం ఆయనకి ఠక్కున తెలిసిపోయింది.

"వెనక తలుపు తట్టి, ఎవరూ తీయలేదని ఉత్తరం మీద 'డోర్ లాక్' అని రాసుకొచ్చావన్న మాట."

"అంతే మామయ్యా. తప్పు నాది. మీరు భయపడి నడవడం మానేశారు, నావల్లే."

"భయమా?" ఆయన కిటికీలోంచి వీధి వైపు చూశారు. "చావుకి భయపడి కాదమ్మా కూర్చున్నది. అది ఎలాగూ ఏదో ఒక రోజు అడ్రసు వెతుక్కుంటూ వస్తుంది. ముప్పై నాలుగేళ్ళు ఈ కాళ్ళతో తిరిగాను. ఒక్క ఉత్తరం తప్పు గుమ్మంలో వేయలేదు. నా దగ్గర గొప్పగా చెప్పుకోదగ్గది అదొక్కటే. ఆ కాలు కాస్తా చెడ్డదని రిజిస్టర్లో ఎక్కిందంటే, ఇంక ఏ మొహంతో వీధిలోకి పోను?"

కోడలు ఆయన ఎడమ కాలి మీద చెయ్యి వేసింది. చీలమండ నుంచి మోకాలు దాటి కుట్ల గీత పొడుగ్గా ఉంది. మూడు రోజులుగా ఆయన్ని తినేస్తున్నది భయమనుకుంది, అదీ తప్పుగానే చదివింది.

"రిజిస్టర్లో దిద్దావా?" అన్నారు మామగారు.

"దిద్దాను. మంచిది అని రాశాను."

"పాతది?"

"కనబడేలా కొట్టేశాను, నియమం ప్రకారం."

"సిర?"

"స."

ఆయన ఆ అక్షరాన్ని వేలితో అరచేతిలో రాసి చూసుకున్నారు. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని ముందుకి వంగి, పక్కనున్న మంచం కిందికి కాలు చాపి చెప్పుల కోసం తడిమారు.